విప్పే ముందు మేం అడుగుతాం, మీరెందుకు అడగరు?

ఫోన్లలో నడిచే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీల వారికి, దాన్ని తమ ఫోన్లలో ఎక్కించి మాకు అమ్మే కంపెనీల వారికి, అనంతపురం నుంచి ఒక ఫోన్ మెకానిక్ రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

నమస్కారం.

నాది టవర్ క్లాక్ దగ్గర చిన్న రిపేరు షాపు. ఆరడుగుల వెడల్పు. ఒక గాజు కౌంటరు, వెనక స్టూలు, హీట్ గన్, మైక్రోస్కోపు, గోడ నిండా పౌచ్‌లు. బటన్ ఫోన్ల రోజుల నుంచి ఇదే పని. అప్పట్లో ఫోన్లు నా దగ్గరికి రావడానికి కారణాలు మూడే: నీళ్లలో పడడం, కింద పడడం, చార్జింగ్ పిన్ను వదులు కావడం. ఇప్పుడు నాలుగోది చేరింది. "నేనేం చేయలేదన్నా, రాత్రి పండుకునేటప్పుడు బాగుండె, పొద్దున చూస్తే ఇట్లుంది" అంటారు. "అప్‌డేట్ ఏమన్నా కొట్టినావా?" అని అడుగుతాను. "ఏమో, ఏదో వస్తాంటే ఓకే కొట్టినా" అంటారు.

ఈ లేఖ ఆ "ఏదో" గురించి.

ఈమధ్య పాత ఊరి నుంచి ఒక అవ్వ వచ్చింది. ఫోన్‌ని చేతిరుమాల్లో చుట్టి, కొంగు మూలన ముడి వేసుకొని తెచ్చింది. ఆ ముడి విప్పడానికే రెండు నిమిషాలు పట్టింది. "నాయనా, ఇది మోగుతాది గానీ ఎత్తడానికి రాదు" అంది. టచ్ పోయిందేమో అనుకున్నాను. నా ఫోన్ నుంచి కాల్ చేశాను. మోగింది. ఆమె బొటనవేలితో కింది నుంచి పైకి తోసింది, గట్టిగా, రోజూ తోసినట్టే. ఏం కాలేదు. మళ్లీ తోసింది. మోగి మోగి ఆగిపోయింది. "చూస్తివా?" అంది నన్ను.

టచ్ బాగానే ఉంది. కాల్ ఎత్తే బొమ్మ మారింది, అంతే. మొన్నటిదాకా పైకి తోస్తే ఎత్తేది, ఇప్పుడు పక్కకి తోయాలి. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో ఆమెకు తెలీదు. కొడుకు బెంగళూరులో పని చేస్తాడు. రెండు రోజులు ఫోన్ చేస్తే అవ్వ ఎత్తలేదు. మూడో రోజు పక్కింటాయనకి చేసి "మాయమ్మ బాగుందా, ఒకసారి చూసి చెప్పన్నా" అన్నాడట. అవ్వ ఇంట్లోనే ఉంది. ఫోన్ ఎదురుగా పెట్టుకుని, మోగినప్పుడల్లా తోస్తూనే ఉంది.

నా ఫోన్ నుంచి వరసగా కాల్స్ చేసి పక్కకి తోయడం నేర్పించాను. మొదటి ఐదుసార్లూ వేలు అలవాటుగా పైకే పోయింది. ఆరోసారికి వచ్చింది. "ఎంతివ్వాల నాయనా?" అంది. ఏం తీసుకోను? ఫోన్లో చెడిపోయినది ఒక్కటీ లేదు. మీ లెక్కలో అయితే అది ఇంకా బాగుపడింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ కాగితం మీద రాసిపెట్టింది కాదు, నాకు పని నేర్పిన ఆయన చెప్పింది. ఫోన్ చేతికి రాగానే విప్పకూడదు. ముందు కస్టమర్ ఎదురుగానే కాల్ కలిపి చూడాలి. మైకు, స్పీకరు, ముందు కెమెరా, వెనక కెమెరా, చార్జింగు, అన్నీ ఆయనకే చూపించాలి. ఏది మార్చాలో, ఎంతవుతుందో, ఎంతసేపు పడుతుందో చెప్పాలి. "చేయమంటావా?" అని అడగాలి. ఊ అన్నాకే మొదటి స్క్రూ తీయాలి. పనయ్యాక పాత డిస్‌ప్లే, పాత బ్యాటరీ కవర్లో వేసి ఆయన చేతికే ఇవ్వాలి, అవి ఆయన సొత్తు. కొత్తది కుదరకపోతే పాతది పెట్టి ఇవ్వాలి. ఈ పద్ధతి తప్పినవాడి షాపుకి రెండోసారి ఎవరూ రారు. కమలానగర్‌లో ఒక్క వీధి తిరిగితే చాలు, ఇంకో షాపు దొరుకుతుంది.

మీరు చేసేదీ ఇదే పని. ఫోన్ విప్పి లోపల ఒకటి తీసి ఇంకొకటి పెట్టడం. మీకు స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, అదొక్కటే తేడా. మరి అడగడం ఏది? చెప్పడం ఏది? పాతది తిరిగి ఇవ్వడం ఏది?

అడుగుతున్నాం కదా, తెర మీద పెట్టె చూపిస్తున్నాం కదా అంటారు. ఆ పెట్టెని నేను రోజూ చూస్తాను. "ఇప్పుడే ఇన్‌స్టాల్ చేయి", "ఈ రాత్రికి చేయి", "తర్వాత గుర్తు చేయి". వద్దు అనే మాట ఉండదు. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు ముహూర్తం ఇప్పుడా, రాత్రికా, రేపా అని మాత్రమే అడిగితే దాన్ని అడగడం అనం.

పైగా దీనివల్ల ఇంకో చెడు జరుగుతోంది. ఆ పెట్టె పోవాలంటే నీలం బటన్ నొక్కాలని జనం నేర్చుకున్నారు. అందులో ఏముందో చదవరు, చదివినా అర్థం కాదు. ఇప్పుడు వాట్సాప్‌లో ఆర్టీవో చలానా అనో, పీఎం కిసాన్ అనో ఒక ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, వస్తుంది. దాన్ని తాకితే అచ్చం మీ పెట్టెలాంటిదే ఒక పెట్టె, అందులోనూ అప్‌డేట్ అనే మాటే, కింద బటన్. వేలు దానంతట అదే పోయి నొక్కుతుంది. ఖాతా ఖాళీ అయ్యాక నా దగ్గరికి వస్తారు, ఫోన్ రీసెట్ చేయించుకోవడానికి. ఆ దొంగల్ని మీరు పంపారని అనను. చదవకుండా నొక్కడం మాత్రం మీ పెట్టెలే నేర్పాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఉండే తప్పుని మీరు బగ్ అంటారు. బగ్ అంటే పురుగు. పురుగు సంగతి అనంతపురం జిల్లాకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. శనక్కాయ మీద ఎర్ర గొంగళి మందగా దిగిందంటే చేను మోడవుతుంది. మందు కొట్టాలి, కాదనేవాళ్లు లేరు. అయితే ఆ మందు డబ్బా మీద పేరుంటుంది. ఏ పంటకి, ఏ పురుగుకి, ఎకరాకి ఎంత, కొట్టాక ఎన్నాళ్లు ఆగాలి, అన్నీ ఉంటాయి. విషం ఎంత గట్టిదో చెప్పడానికి రంగు గుర్తు ఉంటుంది: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. అక్షరం రానివాడు కూడా ఎరుపు చూసి చేతికి తొడుగు వేసుకుంటాడు. లోపల మడిచిపెట్టిన కాగితంలో తెలుగు కూడా ఉంటుంది. అక్షరాలు చీమల్లా ఉంటాయనుకోండి, అయినా ఉంటుంది. మీ డబ్బా మీద ఏముంది? "బగ్ పరిష్కారాలు, పనితీరు మెరుగుదలలు." ఏ బగ్? నా ఫోన్లో ఉందా అది? మెరుగుపడిందేంటి? నెల నెలా అవే నాలుగు మాటలు. పురుగుమందుల అంగట్లో "ఏం మందప్పా ఇది?" అని అడిగితే "మంచి మందు" అని మాత్రమే చెప్పేవాడి దగ్గర మా రైతులు కొనరు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నన్ను అప్‌డేట్లే వద్దనే మొండివాడి కింద కడతారు. అవి కావాలి. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక ఎంఎంఎస్ (ఫోటో, వీడియో పంపే మెసేజ్) పంపితే చాలు, ఫోన్ సొంతదారు దాన్ని తెరవకపోయినా లోపలికి దూరే దారి అది. ఆ దెబ్బతోనే ఆ ఏడాది ఆగస్టు నుంచి ఆండ్రాయిడ్‌కి నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే ఇలాంటి కన్నాలు పూడ్చే అప్‌డేట్లు, మొదలయ్యాయి. 2023 సెప్టెంబరులో ఐఫోన్‌కీ అలాంటిదే వచ్చింది. ఎక్కడా ఏదీ నొక్కకుండానే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ దిగే కన్నం. వెంటనే ప్యాచ్ ఇచ్చారు, మంచి పని. ఫోన్ ఇప్పుడు మాకు మాట్లాడుకోవడానికే కాదు. బ్యాంకు అందులోనే, గ్యాస్ బుకింగ్ అందులోనే. 2025 జనవరిలో మన మిత్ర మొదలయ్యాక ప్రభుత్వ సేవలు కూడా వాట్సాప్‌లోకి వచ్చాయి. ఫోన్‌కి కన్నం ఉంటే ఇంటికి కన్నం ఉన్నట్టే. అందుకే ఎవరైనా సెకండ్ హ్యాండ్ ఫోన్ తెచ్చి "ఎంతకు తీసుకోవచ్చన్నా?" అంటే నేను గీతల కంటే ముందు సెట్టింగ్స్‌లోకి పోయి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూస్తాను.

తాళం మార్చండి. నా గొడవ, తాళం మార్చడానికి వచ్చినవాడు ఆగ్నేయంలో ఉన్న పొయ్యిని తీసుకుపోయి వాయవ్యంలో పెట్టిపోవడం గురించి.

మొన్న ఎండాకాలం నార్పల వైపు నుంచి ఒక చీనీ (బత్తాయి) రైతు వచ్చాడు. తోట బేరం కుదిరింది, కాయ కోయడానికి కూలీలు పొద్దున్నే దిగారు, లారీ ఎప్పుడొస్తుందో ఏజెంటు ఫోన్ చేసి చెప్పాలి. ఈలోపు టౌన్లో ఏదో పని చూసుకుని, టీ తాగి ఫోన్‌పే కొట్టబోతుంటే మీ పెట్టె అడ్డమొచ్చింది. అది పోతే చాలని నొక్కేశాడు. నా దగ్గరికి వచ్చేసరికి తెర మీద లోగో, దాని కింద ఒక గీత నత్తలా పాకుతోంది. చార్జింగ్ పెట్టాను. "ఎంతసేపప్పా?" అన్నాడు. "చెప్పలేం మామా. మధ్యలో ఆపితే డెడ్ అయితాది" అన్నాను. నలభై నిమిషాలు ఆయన కౌంటరు మీద రెండు మోచేతులు ఆనించి ఆ గీతనే చూస్తూ నిలబడ్డాడు. నా ఫోన్ తీసుకోమన్నాను. ఏజెంటు నంబరు నోటికి రాదు. నంబర్లన్నీ ఆ గీత వెనకాలే ఉన్నాయి. ఫోన్ లేచాక వచ్చిన మొదటి కాల్లో అవతలాయన తిట్టిన తిట్లు నా స్టూలు దాకా వినబడ్డాయి. లారీ వేరే తోటకి పోయిందట. ఆయన నా వైపు కూడా చూడకుండా బస్టాండ్ దిక్కు నడిచాడు.

దీనికి మందు మీ దగ్గరే ఉంది, అదే నాకు కోపం. 2016లో ఆండ్రాయిడ్ 7తోనే రెండు గదుల పద్ధతి వచ్చింది. పాతది ఒక గదిలో నడుస్తూనే ఉంటుంది, కొత్తది పక్క గదిలో సర్దుకుంటుంది. అంతా అయ్యాక ఒకసారి ఆపి లేపితే చాలు. కొత్తది లేవకపోతే పాతదే లేస్తుంది. ఇందుకు ఎక్కువ స్టోరేజీ పట్టేది కాబట్టి చాలామంది ఏళ్ల తరబడి పక్కన పెట్టారు. సామ్‌సంగ్ అంతటి కంపెనీ కూడా 2024లో గెలాక్సీ ఏ55తో గానీ మొదలుపెట్టలేదు. ఈ పద్ధతి లేని ఫోన్ కొన్నవాడు నలభై నిమిషాలు నిలబడాలి, ఉన్న ఫోన్ కొన్నవాడు రెండు నిమిషాల్లో పని చూసుకోవాలి. ఎవరి టైము ఎంత విలువైనదో మీరే నిర్ణయించేశారు. ఒక టీచరమ్మ కూడా ఇలాగే, స్కూల్లో ఫోన్లోనే హాజరు వేయాల్సిన వేళకి ఆమె ఫోన్ లోగో చూపిస్తూ కూర్చుంది. ఆ కథ మీకు అర్థమై ఉంటుంది, సాగదీయను.

డేటా మాట కూడా. పల్లెల్లో వైఫై ఉండదు. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేసుకున్నవాడికి 2 జీబీ దాటిన అప్‌డేట్ వస్తే ఏం చేయాలి? నా షాపుకి వస్తాడు. సాయంత్రమైతే నా వైఫైకి నాలుగైదు ఫోన్లు గుంజకు కట్టిన మేకల్లా కౌంటరు మీద పడి ఉంటాయి. మీ పనికి కరెంటు నాది, నెట్టు నాది.

ఇక నా సొంత బాధ. ఒక ఆటో డ్రైవర్ తమ్ముడు డిస్‌ప్లే పగిలి వచ్చాడు. ఒరిజినల్ వేస్తే ఫోన్ రేటులో సగం అవుతుందని, బయట దొరికే కాంబో (గాజు, డిస్‌ప్లే కలిపి ఒకే ముక్క) అయితే తక్కువలో పోతుందని చెప్పాను. కాంబోనే వేయమన్నాడు. వేశాను. రెండు వారాలు బాగా నడిచింది. తర్వాత ఒక పొద్దున షాపు ముందు ఆటో ఆపి, పది మంది వినేలా "డూప్లికేట్ మాల్ వేసి మోసం చేసినావన్నా" అన్నాడు. టచ్ ఆగిపోయింది. రాత్రి అప్‌డేట్ అయిందని ఫోనే చెప్తోంది. "అప్‌డేట్ వల్ల తమ్ముడూ" అన్నాను. "అప్‌డేట్ కంపెనీవాళ్లది. వాళ్ల ఫోన్ వాళ్లే యాల చెడగొట్టుకుంటారు?" అన్నాడు. బుర్రలో ఇంతవరకు తిరుగుతూనే ఉంది ఆ ప్రశ్న. నా చేతి డబ్బు పెట్టి ఇంకో కాంబో వేశాను, అదీ పనిచేయలేదు. కొన్నాళ్లకి మరో చిన్న అప్‌డేట్ వచ్చింది. దాంతో మొదట వేసిన కాంబోనే, డ్రాయర్‌లో పడున్నది, శుభ్రంగా పనిచేసింది. అందులో పోయిన పురుగు ఏదో మీ కాగితంలో లేదు. "బగ్ పరిష్కారాలు" అనే ఉంది. ఆ తమ్ముడు మళ్లీ రాలేదు. సప్తగిరి సర్కిల్లో ఎదురుపడితే తల అటు తిప్పుకుంటాడు.

ఇది నా ఒక్కడి కథ అయితే రాయకపోదును. 2018లో ఐఓఎస్ (ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) 11.3 ఎక్కించుకున్నాక, బయట డిస్‌ప్లే వేయించుకున్న ఐఫోన్ 8లు కొన్నిట్లో టచ్ చచ్చిపోయింది. అదే ఏప్రిల్‌లో 11.3.1 ఇచ్చి సరిచేశారు. అంతకు ముందు ఎర్రర్ 53 అని ఒకటుండేది, పాత మెకానిక్కులెవరూ మర్చిపోరు. బయట రిపేరు చేయించిన ఐఫోన్ 6ని అప్‌డేట్ చేస్తే ఫోన్ మొత్తమే ఇటుకరాయి అయ్యేది. 2016లో యాపిల్ సారీ చెప్పి సరిచేసింది. ఆ గొడవలో రిపేరు గురించి జనానికి తప్పుడు మాట చెప్పినందుకు ఆస్ట్రేలియా కోర్టు 2018లో 90 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఆ డబ్బులో అనంతపురం మెకానిక్కి ఏమొచ్చిందని అడగకండి.

2014లో అయితే ఇంకా విచిత్రం. సెప్టెంబరులో ఐఓఎస్ 8.0.1 అని బగ్ పరిష్కారాల అప్‌డేటే ఇచ్చారు. ఎక్కించుకున్న కొత్త ఐఫోన్ 6ల్లో సిగ్నలే పోయింది. ఫోన్ ఉంది, ఫోన్ చేయడానికి లేదు. వెంటనే వెనక్కి తీసుకుని మర్నాడే 8.0.2 ఇచ్చారు. బగ్ తీయడానికి ఒకటి, ఆ తీసినదాని బగ్ తీయడానికి ఇంకొకటి. మీరు నెలనెలా ఎన్ని బగ్‌లు తీస్తున్నారో గర్వంగా చెప్తారు. అందులో పోయిన నెల మీరే పెట్టినవి ఎన్ని?

అప్‌డేట్‌తో ఫోన్లు నెమ్మదించాయని ఇటలీ అధికారులు 2018లో యాపిల్‌కి కోటి యూరోలు, సామ్‌సంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేశారు. ఫ్రాన్స్ 2020లో యాపిల్‌కి 2.5 కోట్ల యూరోలు వేసింది. అక్కడ కూడా ప్రధాన నేరం చెప్పకుండా చేయడమే. మన దగ్గర 2025 జనవరిలో, ఐఓఎస్ 18 తర్వాత ఐఫోన్లు సరిగా నడవడం లేదని వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదులు పోతే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ యాపిల్‌కి నోటీసు ఇచ్చింది. ఆ సంగతి మంత్రి ప్రహ్లాద్ జోషి గారే బయటపెట్టారు. ఆ హెల్ప్‌లైన్ నంబరు 1915. మా కౌంటరు గాజు మీద అతికించాను. చదివి నవ్వేవాళ్లే ఎక్కువ. చేస్తే ఏం చెప్పాలన్నా అని అడుగుతారు. నిజమే, "పైకి తోస్తే ఎత్తుకోవడం లేదు" అని అవ్వ ఎవరికి ఫిర్యాదు చేస్తుంది?

ఇంతకంటే చేదు నిజం ఇంకొకటుంది. అప్‌డేట్లు ఎక్కువయ్యాయని నేను ఏడుస్తున్నది కొత్త ఫోన్ల గురించి. ఎనిమిది, పది వేలు పెట్టి కొన్న ఫోన్లకి రెండు మూడేళ్లు తిరిగేసరికి రావాల్సినవి కూడా ఆగిపోతాయి. సెక్యూరిటీ ప్యాచ్ తేదీ పాత క్యాలెండరులా అక్కడే ఉండిపోతుంది. కొన్నాళ్లకి బ్యాంకు యాప్ "మీ వెర్షన్ పాతది" అంటుంది. ఫోన్ మంచిదే, బ్యాటరీ మంచిదే, పారేయాలి. 2023లో గూగుల్ పిక్సెల్ 8కి, 2024లో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని మాట ఇచ్చారు. సంతోషం. ఆ ఫోన్ల రేటుకి మా దగ్గర పాత బండి వస్తుంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి, ఒక మోడల్ అమ్మకం ఆపాక కూడా ఐదేళ్లు అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలని నిబంధన పెట్టారు. అక్కడి జనానికి చేయగలిగింది గుత్తి, తాడిపత్రి జనానికి ఎందుకు చేయలేరు? వద్దన్నవాడి విస్తట్లో వడ్డన, ఆకలైనవాడి విస్తరి ఎత్తేయడం, రెండూ మీ పంక్తిలోనే చూస్తున్నాం.

వెనక్కి పోయే దారి కూడా మూసేశారు. "పాతదే వేసియ్యన్నా" అని రోజుకి ఒకరైనా అడుగుతారు. ఐఫోన్ అయితే కొత్తది వచ్చిన కొద్ది రోజులకే పాతదానికి మీ సర్వర్ సంతకం పెట్టడం, అంటే అనుమతి ఇవ్వడం, మానేస్తుంది, ఇక అది ఎక్కదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్నిట్లో వెనక్కి ఫ్లాష్ చేస్తే (పాత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే) బోర్డే లేవదు. పాత కన్నం మళ్లీ తెరుచుకోకూడదని ఈ ఏర్పాటు. ఆ కారణం నాకు తెలుసు, ఒప్పుకుంటాను కూడా. కానీ వెనక్కి రాలేని దారిలోకి మనిషిని పంపేటప్పుడు, ముందు చెప్పాలా వద్దా?

అడిగేవి పెద్దవేం కావు. భద్రత ప్యాచ్‌ని, రూపం మార్చే అప్‌డేట్‌ని రెండు వేర్వేరు పొట్లాలుగా ఇవ్వండి. మొదటిది చిన్నదిగా, చప్పుడు లేకుండా రానీయండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. రెండోదానికి "వద్దు" అనే బటన్ పెట్టండి. కుదరదని చెప్పకండి. 2023 మేలో యాపిల్ భద్రత కోసం మాత్రమే చిన్న ప్యాచ్ ఇచ్చింది, నచ్చకపోతే తీసేసే వీలుతో సహా. ఆ జూలైలో అలాంటిదే ఒకటి కొన్ని వెబ్‌సైట్లని దెబ్బతీస్తే వెనక్కి తీసుకుంది, ఫోన్ సొంతదారు కూడా తీసేసుకోగలిగాడు. గూగుల్ 2019లో ఆండ్రాయిడ్ 10తో కొన్ని ముక్కల్ని విడివిడిగా మార్చే పద్ధతి తెచ్చింది. అంటే కత్తెర మీ చేతిలోనే ఉంది.

ఏం మారుతోందో తెలుగులో చెప్పండి. ఐదు వాక్యాలు చాలు. ఎంత డేటా, ఎంతసేపు, ఫోన్ ఎన్ని నిమిషాలు పనిచేయదు, కంటికి ఏం మారి కనిపిస్తుంది, వెనక్కి పోవడానికి ఉందా లేదా. మిషన్ తెలుగు కాదు. "మీ పరికరం యొక్క అనుభవం మెరుగుపరచబడినది" అని రాస్తే నాకే అర్థం కాదు, అవ్వకేం అర్థమవుతుంది?

కాల్ ఎత్తడం, కాల్ పెట్టేయడం, 108కి డయల్ చేయడం, ఈ మూడింటి జోలికి పోయే ముందు కొంచెం భయపడండి. ఇవి చేతి అలవాట్లు. బస్సు బ్రేకుని ఒక రాత్రిలో ఎడమ నుంచి కుడికి మార్చి డ్రైవర్‌కి చెప్పకుండా బండి పంపరు. మార్చి తీరాలంటే, మార్చిన రోజు తెర మీద ఒక వేలి బొమ్మ వేసి చూపించండి, అదీ ఒకసారి కాదు, ఆ వేలికి అలవాటయ్యేదాకా.

అప్‌డేట్ పంపే ముందు చవక ఫోన్ మీద చూడండి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, అందులో ఖాళీ చోటంతా వాట్సాప్ ఫోటోలతో నిండినది, మే నెల మధ్యాహ్నం, నలభై రెండు డిగ్రీల ఎండలో జేబులో ఉన్నది. అది నెమ్మదిస్తే పంపకండి. ఏసీ గదిలో కొత్త ఫోన్ మీద నడిచినదాన్ని మా మీద వదిలి, మేం తిట్టాక సరిచేస్తున్నారు. పరీక్షలు రాసేది మేం, పాసయ్యేది మీరు.

తప్పు జరిగితే ఫోన్లోనే ఒప్పుకోండి. "పోయిన వారం మేం పంపిన దానివల్ల కొన్ని డిస్‌ప్లేల్లో టచ్ ఆగింది, అది మీ మెకానిక్ తప్పు కాదు." ఒక్క వాక్యం. ఆ వాక్యం వచ్చుంటే ఆ ఆటో తమ్ముడు ఇప్పటికీ నా షాపు ముందు ఆగి టీ తాగి పోయేవాడు.

చివరిగా, అవ్వ విషయం. ఆ రోజు ఆమె లేవబోతూ "మళ్లా మారుతాదా నాయనా ఇది?" అని అడిగింది. మారదని చెప్పలేను. ఫోన్ మళ్లీ చేతికి తీసుకుని, ఆమెనే అడిగి, ఆటో అప్‌డేట్ ఆపేశాను. సిస్టమ్‌దీ, యాప్‌లదీ, రెండూ. ఆమె సంతోషంగా కొంగున ముడి వేసుకుని పోయింది. దాంతో రావాల్సిన భద్రత ప్యాచ్‌లు కూడా ఆగిపోయాయని నాకు తెలుసు, ఆమెకు తెలీదు. చెప్పాలని చూశాను గానీ ఎట్లా చెప్పాలో మాట దొరకలేదు. ఆమె పింఛను డబ్బు జమ చేసుకునే బ్యాంకు యాప్ కూడా అదే ఫోన్లో ఉంది. ఇప్పటికీ రాత్రి షాపు మూసేటప్పుడు అది గుర్తొస్తుంది. ఆమె ఇల్లు నాకు తెలుసు. ఆ రెండు పొట్లాలు మీరు వేరు చేసిన రోజు చెప్పండి, పోయి మొదటిదాన్ని ఆన్ చేసి వస్తాను.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక ఫోన్ మెకానిక్